ఏటి మధ్యలో పీత

నా కొడుక్కి చదువెక్కువైంది. ఈ మాట కోపంలో అంటున్నానని మీరనుకోవచ్చు. కోపంలోనే అంటున్నాను.

వాడి పేరు సైలస్. దోహాలో ఒక కంపెనీలో అకౌంట్స్ మేనేజరు. కోడలు విజయరాణికి ముషైరిబ్‌లో ఆఫీసు ఉద్యోగం. వాళ్ళకి ఒక్కతే కూతురు, షెరిన్. ఏడేళ్ళ పిల్ల. మాది రాజోలు దగ్గర ఒక లంక. మా ఆయన సువార్తరావుగారు పోయాక సైలస్ నన్ను ఇక్కడికి తెచ్చుకున్నాడు. అల్ హిలాల్లో మూడో అంతస్తు ఫ్లాటు మాది. మధ్యాహ్నం స్కూలు బస్సు పిల్లని దింపిన దగ్గర్నుంచి వీళ్ళిద్దరూ ఆఫీసుల నుంచి వచ్చేదాకా షెరిన్ బాధ్యత నాదే.

నేను వచ్చేటప్పటికి పిల్లకి తెలుగు రాదు. నాకు ఇంగ్లీషు రాదు. మొదటివారం మేమిద్దరం ఒకే సోఫాలో కూచుని ఒకరినొకరు చూసుకుంటూ గడిపాం. అది నీళ్ళడిగితే నేను బిస్కెట్లు తెచ్చాను. నేను దగ్గరికి రమ్మంటే అది టీవీ సౌండు పెంచింది. మనవరాలితో మాట్లాడ్డానికి మధ్యలో మనిషి కావలసిరావడం ఎంత సిగ్గుచేటో నాకు అప్పుడే తెలిసింది.

ఇలా కాదని కథలు మొదలుపెట్టాను. ఏనుగంటే చెయ్యి తొండంలా ఊపాను. ముసలిదంటే నడుం వంచాను. అది కాస్త నవ్వింది. అప్పుడు దానికి షరతు చెప్పాను, సగం మాటల్తో, సగం సైగల్తో. నువ్వు ఊఁ అంటేనే కథ నడుస్తుంది, ఊఁ ఆగితే కథ ఆగిపోతుంది అని. అది గడుసుపిల్ల. నిజమో కాదో చూద్దామని ఊఁ అనకుండా బిగబట్టింది. నేను తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి కూచున్నాను. చెయ్యి నొప్పెట్టింది కానీ దించలేదు. చివరికి అదే పకపకా నవ్వి, "ఊఁ" అంది. నేను అందుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ భాష కుదిరింది.

ఊఁ అంటే ఏమిటో ఈ చదువుకున్నవాళ్ళకి తెలియదు కాబట్టి చెప్తున్నాను. షెరిన్‌కి చాలా ఊఁలు ఉండేవి. భయమేస్తే గొంతులోనే నలిగిపోయే ఊఁ. నమ్మకం కుదరకపోతే ముక్కుతో తీసే ఊఁ. మాట అర్థం కాకపోతే ఊఁ చివర పైకి లేచేది. అది వినగానే ఆగి, గట్టు అంటే ఇదీ, చుక్కాని అంటే ఇదీ అని చూపించేదాన్ని. పుస్తకం లేదు, పలకా లేదు. పిల్లకి ఏ మాట వచ్చిందో ఏది రాలేదో ఆ ఊఁలోనే నాకు తెలిసిపోయేది. ఏడాది తిరిగేసరికి "మామ్మా, ఇలా రావే, నీకో సంగతి చెప్పాలి" అని నా కొంగు పట్టుకుని లాగే స్థితికి వచ్చింది.

ఇదంతా వాళ్ళమ్మా నాన్నా ఎరగరు. వాళ్ళొచ్చేసరికి సాయంత్రమయ్యేది. అప్పుడంతా హోంవర్కు, స్నానం, ఇంగ్లీషు.

పీత కథ మొదలుపెట్టింది ఈ మధ్యనే. అది నా సొంత కథ. ఒక పీత అక్క పెళ్ళికి అవతలి లంకకి వెళ్ళాలి. పడవవాడు ఎక్కించుకోనంటాడు, నీ డెక్కలతో అందర్నీ పట్టేస్తావు, డెక్కలు కట్టుకుని వస్తేనే ఎక్కమంటాడు. పీత గరికని పోచ అడుగుతుంది. గరిక నీళ్ళు తెచ్చిపెట్టమంటుంది. పీత కాలవనడుగుతుంది. అలా ఒకళ్ళ దగ్గర్నుంచి ఒకళ్ళ దగ్గరికి తిరిగి, చివరికి పోచ సంపాదించి, రెండు డెక్కలూ గట్టిగా కట్టించుకుని పడవెక్కుతుంది. పడవ ఏటి మధ్యకి వెళ్ళేసరికి గాలి లేస్తుంది. అక్కడికి వచ్చేసరికి కింద కారు హారన్ వినబడింది, వీళ్ళు ఆ రోజు తొందరగా వచ్చేశారు. "మిగతాది రేపు" అన్నాను. షెరిన్ కాళ్ళు నేలకేసి కొట్టింది.

ఆ రేపు రాలేదు.

ఆ సాయంత్రం సైలస్ బూట్లన్నా విప్పకుండా నా ఎదురుగా కూచున్నాడు. విజయరాణి వాడి వెనకాల నిలబడింది. ఇద్దరూ కలిసి ఏదో తీర్మానం చేసుకుని వచ్చిన వాలకం.

"అమ్మా, ఒక మాట చెప్తాను, ఏవనుకోకు. ఇకనించి షెరిన్‌తో తెలుగు మాట్లాడకు" అన్నాడు.

"మరేం మాట్లాడను? అరబ్బీయా?"

"జోకులొద్దమ్మా. స్కూల్లో స్టోరీ టైమ్‌లో గొంతుతో ఏదో సౌండ్ చేస్తోందంట. టీచర్ ఆపమన్నా ఆగట్లేదంట. మొన్న సెలవురోజు అల్ సద్‌లో స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించేం. రెండు భాషలయ్యేసరికి పిల్ల బుర్ర కన్‌ఫ్యూజ్ అవుతోంది."

"ఏం సౌండ్రా?"

"ఏదోలే. నీకు తెలీదు."

"కథలు కూడా కొన్నాళ్ళు వద్దండి అత్తయ్యగారూ" అంది విజయరాణి మెల్లిగా. "కథ వింటున్నప్పుడే ఆ సౌండ్ వస్తోందంట."

పిల్లకి గొంతులో ఏం పుట్టిందోనని భయం. అందుకే నోరెత్తలేదు. మిరియాల పాలు కాచి ఇచ్చాను. నిద్రపోతుంటే దాని గొంతు దగ్గర చెవి పెట్టి విన్నాను. మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేశాను. ఏ శబ్దమూ వినబడలేదు.

మర్నాటినుంచి ఫ్రిజ్ మీద ఒక చార్టు వెలిసింది. దానిమీద బంగారు రంగు నక్షత్రాలు. స్కూల్లో సౌండ్ చెయ్యకుండా కథ వింటే ఒక నక్షత్రం. ఇంట్లో ఐప్యాడ్ కథ చెప్తుంటే కదలకుండా వింటే ఇంకో నక్షత్రం. షెరిన్ పెదాలు రెండూ లోపలికి మడుచుకుని కూచునేది. నన్ను చూస్తే ఫ్రిజ్ వైపు చూసేది. నేను "అన్నం తింటావా" అని కూడా అడగడానికి లేదు. "ఈట్, ఈట్" అనేదాన్ని. కుక్కని పిలిచినట్టుండేది నాకే. అది తలూపి తినేసి గదిలోకి పోయేది. మూడు వారాల్లో మా ఇల్లు మళ్ళీ మొదటివారంలా తయారైంది. ఏడాదంతా కష్టపడి కుదుర్చుకున్న భాషని నా కళ్ళముందే ఊడ్చేస్తుంటే, జబ్బు తగ్గడానికి కదా అని నోరు నొక్కుకుని కూచున్నాను.

మా బిల్డింగు నాతూర్ రాజేశం. ఇక్కడ వాచ్‌మన్‌ని నాతూర్ అంటారు. జగిత్యాల పక్క ఏదో ఊరు అతనిది. ఒకరోజు పిల్ల స్కూల్లో ఉండగా ఇంట్లో ఉండలేక కిందికి దిగి, లిఫ్టు పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. రాజేశం తడిగుడ్డతో అద్దాలు తుడుస్తున్నాడు.

"ఏందమ్మా, ముఖమంత గట్లయింది?" అన్నాడు.

అడిగిన పాపానికి అంతా వెళ్ళగక్కాను. "ఏం చెప్పమంటావయ్యా. పిల్లతో మాట్లాడకూడదంట."

"ఊఁ."

"కథ చెప్పకూడదంట."

"ఊఁ... గట్లెట్ల?"

"గొంతులో ఏదో శబ్దం వస్తోందంట. స్కూల్లో టీచరు కథ చదువుతుంటే వాక్యం వాక్యానికీ వస్తోందంట. అదేం శబ్దమో అడిగితే చెప్పడు మావాడు."

"ఊఁ."

నేను ఆగిపోయాను.

"ఇప్పుడేమన్నావు?"

"నేనేమనలే పెద్దమ్మా."

"అన్నావయ్యా. ఇందాకట్నించీ అంటున్నావు. మళ్ళీ అను."

అతను గుడ్డ చేతిలో పట్టుకుని బెదిరిపోయి చూశాడు. "నేనేమన్లేదమ్మా, నీ పానం సాక్షి. ఇంటున్న, గంతే."

నేను లిఫ్టు కోసం ఆగలేదు. ఈ మోకాళ్ళతో మూడంతస్తులు మెట్లెక్కాను. ఎక్కుతున్నంతసేపూ ఒళ్ళు మండిపోతూనే ఉంది.

మధ్యాహ్నం బస్సు దిగి షెరిన్ వచ్చింది. బ్యాగు కూడా తియ్యనివ్వలేదు. దాని ఎదురుగా నేలమీద కూచున్నాను.

"షెరిన్, స్కూల్లో టీచర్ కథ చెప్తుంటే నువ్వేం చేసేదానివి?"

అది ఫ్రిజ్ వైపు చూసింది. "మామ్మా, తెలుగు నో" అంది గుసగుసగా.

"ఎవరూ లేరు. చెప్పు తల్లీ."

చాలాసేపు నా గాజులు తిప్పుతూ కూచుంది. తర్వాత చెప్పింది. "ఊఁ అనేదాన్ని. మిస్ స్టాప్ అంది. నేను ఆపలేదు. నేను ఊఁ అనకపోతే మిస్ స్టోరీ ఆగిపోతుంది కదా మామ్మా. క్లాసులో ఎవ్వరూ అనట్లేదు. మిస్ పాపం కదా."

దాన్ని గుండెకి హత్తుకున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అంత కోపం మా ఆయన మీద కూడా ఎన్నడూ రాలేదు. ముప్ఫైమంది పిల్లల్లో ఆ టీచరమ్మ కథని ఒంటిచేత్తో మోస్తున్నాననుకుంది నా బంగారుతల్లి. దాన్ని తీసుకెళ్ళి డాక్టరుకి చూపించారు. నోరు మూసుకుంటే నక్షత్రాలిచ్చారు.

సైలస్ తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టాడో లేదో అందుకున్నాను.

"ఏరా, ఊఁ అంటే జబ్బా?"

వాడి మొహం చూస్తే తెలిసిపోయింది. వాడికి ఆ శబ్దం ఏమిటో తెలుసు. ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా దాటేశాడంతే.

"అమ్మా, అరవకు. పిల్ల వింటది."

"వినని! మూడు వారాలు వినకుండా చేసేవుగా, ఇప్పుడన్నా వినని. ఊఁ అంటే జబ్బా అని అడుగుతున్నాను. నువ్వు ఊఁ కొట్టకుండానే పెరిగేవా? మీ నాన్న పొద్దుగూకేసరికి అరుగుమీద కూచుని దావీదు కథ చెప్తా ఉంటే, గొల్యాతు పడేదాకా ఊఁ కొట్టీకొట్టీ నీ గొంతు బొంగురుపోయేది. నిన్ను ఏ డాక్టరుకి చూపించేను? నీ నోటికి ఎవడు నక్షత్రం అంటించేడు?"

"అది వేరమ్మా."

"ఏంటి వేరు?"

వాడు సోఫాలో కూలబడ్డాడు. టై లాగి పడేశాడు. "టీచర్ వీడియో చూపించింది. పిల్లలందరూ నోటిమీద వేలేసుకుని కూచున్నారు. ఇదొక్కతే సౌండ్ చేస్తోంది. అందరూ దీనివంకే చూస్తున్నారు. నాకప్పుడు అది ఊఁ లాగ వినపళ్ళేదమ్మా. జబ్బులాగే వినిపించింది."

"తర్వాత?"

"తర్వాత ఇంటికొచ్చేక అనుమానం వచ్చింది. అప్పటికే డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. టీచర్‌తో ఏం చెప్పను, మా వూళ్ళో అందరూ ఇలాగే చేస్తారండీ అనా? నవ్వరూ?"

అదీ సంగతి. పిల్ల గొంతు బాగోలేదని కాదు. వీడి మొహం బాగుండదని. నలుగురిలో నవ్వుతారని కన్నబిడ్డ నోరు కుట్టేశాడు. పైగా ఆ నింద తెలుగు మీద వేశాడు, నామీద వేశాడు. నేను పిచ్చిదాన్నిలా మిరియాల పాలు కాస్తూ కూచున్నాను.

"రేపు నన్ను ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. తీసుకెళ్ళకపోతే నేనే టాక్సీ ఎక్కి అల్ సద్ అంతా తలుపులు కొట్టుకుంటూ తిరుగుతాను" అన్నాను.



మర్నాడు పిల్లని స్కూలు నుంచి నేరుగా కారెక్కించుకుని వెళ్ళాం. కోడలికి సెలవు దొరకలేదు. ఆ డాక్టరమ్మ పేరు కహకషాన్. హైదరాబాదు పాతబస్తీ పిల్ల, ముప్ఫైయేళ్ళుంటాయి, తలకి లేత ఆకుపచ్చ గుడ్డ చుట్టుకుంది. ఆవిణ్ణి కడిగిపారేద్దామని దారిపొడుగునా మాటలు కూడగట్టుకుని వెళ్ళాను. కుర్చీలో కూచోకుండానే మొదలెట్టాను.

"ఏవమ్మా, మా పిల్లతో తెలుగు మాట్లాడొద్దని చెప్పింది నువ్వేనా?"

ఆవిడ తెల్లబోయింది. "నేనా? లేదమ్మా. నేనట్ల ఎందుకంటా? ఇంట్లో ఏ జబాన్ మీకు మంచిగొస్తదో అందులోనే ఖూబ్ మాట్లాడమన్నా, సార్‌కి." సైలస్ వైపు తిరిగింది. "సార్, నేను తెలుగు బంద్ చెయ్యమన్నానా?"

సైలస్ నేల చూపులు చూశాడు. "మీరు కన్సిస్టెంట్‌గా ఉండమన్నారు కదా మేడమ్. స్కూల్లో ఇంగ్లీష్ కాబట్టి ఇంట్లో కూడా..."

"ఆ సౌండ్ గురించి నాకేం చెప్పిన్రు సార్ మీరు? గొంతులో అలవాటు అన్నరు. టెస్టులో బొమ్మలు చూపించిన, మాటలు అడిగిన, ఒక్కసారి కూడా రాలే నాకు ఆ సౌండ్."

"కథ చెప్పేవా నువ్వు?" అన్నాను.

"లేదమ్మా."

"కథ చెప్పకపోతే ఊఁ ఎక్కణ్ణించొస్తుంది?"

ఆవిడ నన్నే చూసింది. మెల్లిగా నోటిమీద చెయ్యేసుకుంది. "హుంకారా!" అంది. "యా అల్లా. మా దాదీ దగ్గర హుంకారా అంటరమ్మా దీన్ని. హుంకారా ఇయ్యకపోతే దాదీ పండుకునేది మధ్యల్నే. సార్, ఇది మీరు నాకు చెప్పలేదేంది?"

వాడు కారు తాళాలు జేబులో వేసి మళ్ళీ తీశాడు.

"ఒకసారి చెప్పమ్మా కథ. నేను చూస్త" అంది కహకషాన్.

ఆవిడ మీద కూడగట్టుకున్న కోపం ఎటూ ఖర్చుకాలేదు. షెరిన్‌ని చిన్న కుర్చీలో నా ఎదురుగా కూచోబెట్టారు. నాకు లోపల్లోపల సంబరంగానే ఉంది. ఇప్పుడు పిల్ల ఊఁ అంటుంది, వాళ్ళ నాన్న సిగ్గుతో చస్తాడు అనుకున్నాను.

"అనగనగా గోదావరి లంకలో ఒక పీత ఉందంట" అన్నాను.

షెరిన్ పెదాలు లోపలికి మడుచుకుంది.

"ఆ పీతకి ఒక అక్క ఉందంట."

కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు బిగించి పట్టుకుంది. గొంతు ఒక్కసారి కదిలింది. శబ్దం బయటికి రాలేదు. నేను ఆగాను. అది వాళ్ళ నాన్న వైపు తిరిగి, చాలా మర్యాదగా అడిగింది.

"డాడీ, స్టార్ ఇస్తావా?"

కహకషాన్ తల దించుకుని బల్లమీద పెన్ను అటూ ఇటూ జరిపింది. సైలస్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వైద్యం పనిచేసిందని ఒప్పుకోవాలి. నూటికి నూరుపాళ్ళూ పనిచేసింది.

"టైం పడుతుందమ్మా. మీరే చెయ్యాలె, నా చేతిల లేదు. జోర్ చెయ్యకండి" అంది ఆవిడ, మమ్మల్ని గుమ్మందాకా సాగనంపుతూ.

కారులో ఎప్పుడూ నేను పిల్లతో వెనక కూచుంటాను. ఆ రోజు ముందు సీట్లో కూచున్నాను, వాడికి నా మొహం కనబడాలని. షెరిన్ వెనక దాని చిన్న సీట్లో బెల్టు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. సి-రింగ్ రోడ్డు నిండా కార్లే. సైలస్ అద్దంలో వెనక్కి చూసి గొంతు సవరించుకున్నాడు.

"షెరిన్ బేబీ, మామ్మ స్టోరీ చెప్తుంది. నువ్వు ఊఁ అను, ఓకే? ఊఁ అంటే టూ స్టార్స్."

"ఊఁ" అంది షెరిన్ వెంటనే. "ఊఁ. ఊఁ. ఊఁ."

నేనింకా ఒక్క మాట కూడా చెప్పలేదు. అది కిటికీలోంచే చూస్తూ అంటోంది. ఆఫీసులో టోకెన్ నంబర్లు పిలుస్తున్నట్టు, ఏ రంగూ లేని ఊఁలు. నాకు ఒక్కసారిగా వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కారు నడుపుతున్నాడని ఆగాను.

"నోరు మూసినందుకు ఒకటి, తెరిచినందుకు రెండా? అమ్మకమా ఇది? ఆపు తల్లీ, నువ్వు అనక్కర్లేదు. ఈ కథ నీక్కాదు. మీ నాన్నకి చెప్తున్నాను. నువ్వు వింటే విను, మానితే మాను" అన్నాను. వాడి వైపు తిరిగాను. "ఊఁ కొట్టు."

"అమ్మా, డ్రైవింగ్ చేస్తున్నాను."

"నోటితో చేస్తున్నావా డ్రైవింగు? ఊఁ కొట్టమన్నాను. అనగనగా గోదావరి లంకలో ఒక పీత ఉందంట."

వాడు ఒక బస్సుని దాటాడు. "ఊఁ" అన్నాడు విసుగ్గా.

"దానికి అక్క పెళ్ళికి అవతలి లంకకి వెళ్ళాలంట."

"ఊఁ."

"పడవవాడు, నీకు డెక్కలున్నాయి, నలుగురిలో నిన్నెలా ఎక్కించుకోను, నలుగురూ ఏవనుకుంటారు, అన్నాడంట."

వాడు నావంక ఓరగా చూశాడు. నేను కావాలనే అన్నానని వాడికి తెలుసు. "ఊఁ" అన్నాడు, ఈసారి చిన్నగా.

గరిక దగ్గరికి తీసుకెళ్ళాను, కాలవ దగ్గరికి తీసుకెళ్ళాను. చెప్తూ ఉంటే నా కోపం కూడా కథలోకే దిగిపోయింది. పడవవాణ్ణి తిట్టిపోశాను. పోచ పేనే చోట వేళ్ళు ఆడించాను. వాడి ఊఁ మొదట మొక్కుబడిగా వచ్చింది. తర్వాత తర్వాత నా మాట వెనకే వచ్చేసింది, వాడికి తెలియకుండానే. చిన్నప్పటి బొంగురు కూడా అందులో వినబడింది. అది విని కూడా నేను కరగలేదు. కరిగితే అందరికీ తేలికైపోతుంది.

"డెక్కలు రెండూ కట్టించుకుని పీత పడవెక్కింది. పడవ ఏటి మధ్యకెళ్ళింది."

"ఊఁ."

"గాలి లేచింది. తెరచాప తాడు ఊడిపోయింది. పడవవాడు ఒక చేత్తో చుక్కాని పట్టుకున్నాడు, ఇంకో చేత్తో అంచు పట్టుకున్నాడు. తాడు పట్టుకునే దిక్కులేదు. పీతా పీతా, నీ డెక్కతో ఆ తాడు పట్టుకో, మునిగిపోతున్నాం అని అరిచాడు. అప్పుడు పీత అంది కదా, ఎలా పట్టుకోను నాయనా, నా డెక్కలు కట్టించింది నువ్వే కదా, అంది."

సరిగ్గా అప్పుడే ఒక ల్యాండ్ క్రూయిజర్ ఎడం పక్కనుంచి మా ముందుకి దూరింది. సైలస్ బ్రేకు తొక్కి హారన్ మోగించి, వాణ్ణి ఏదో తిట్టుకున్నాడు. ఎర్రలైటు పడింది. ఊఁ రాలేదు.

నేను ఆగిపోయాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచాను.

వాడికి గుర్తొచ్చింది. నోరు తెరవబోయాడు. నేను రెండో చేత్తో వాడి మణికట్టు పట్టుకుని నొక్కాను. వాడు నావంక చూసి నోరు మూశాడు. ఏసీ హోరు తప్ప కారులో ఏమీ లేదు. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే అడిగినట్టవుతుంది, ఇంక దాన్ని ఎవరూ ఏమీ అడక్కూడదు. చెయ్యి నొప్పెట్టడం మొదలైంది. పచ్చలైటు పడింది. వెనకాల వాళ్ళు హారన్లు కొడుతున్నారు. సైలస్ కారు కదల్చలేదు.

"ఊఁ" అంది షెరిన్.

చివర పైకి లేవలేదు. గొంతులో నలిగి, వణుకుతూ వచ్చింది. అది భయం ఊఁ. పీత మునిగిపోతుందేమోనని భయం. దానికి ప్రతి మాటా అర్థమైంది.

కారు కదిలింది. "అప్పుడు పడవవాడు ఏం చేశాడంటే" అన్నాను.

"ఊఁ" అన్నాడు సైలస్, కళ్ళు తుడుచుకుంటూ.

వెనకనుంచి వాడి సీటుమీద చిన్న కాలు దబ్బున తన్నింది.

"నువ్వు కాదు డాడీ! నువ్వు చుప్. ఊఁ నాది."

అలా గడ్డి పెట్టు తల్లీ అనుకుని, నేను పీత కట్లు విప్పించడానికి పడవలోకి దిగాను.